గుండె దడ, ఆయాసం... ఈసీజీ తీసే టైముకి మాత్రం అంతా నార్మలే

ఆమదాలవలస టీచరమ్మ:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. రాత్రి ఒంటిగంటన్నర అవుతోంది, నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా, పెద్దదైపోతే ఏమనుకోకండి.

నాకు 36. మాది ఆమదాలవలస, శ్రీకాకుళం టౌన్లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. బీపీ లేదు, షుగర్ లేదు, లావు కూడా కాదు, మా ఆడపడుచు మాటల్లో చెప్పాలంటే ఎండుచేపలా ఉంటాను. రెండేళ్ల నుంచి నాకు రెండు బాధలు పట్టుకున్నాయి, రెండూ ఒకటేనో వేరువేరో కూడా అర్థం కావట్లేదు.

మొదటిది ఆయాసం. మా తొమ్మిదో తరగతి రెండో అంతస్తులో. ఇదివరకు నోటుబుక్కుల కట్ట చంకలో పెట్టుకుని పిల్లల్ని తిడుతూ ఎక్కేసేదాన్ని. ఇప్పుడు మొదటి వరస మెట్లయ్యేసరికే ఊపిరి అందదు, అక్కడ గోడకి నోటీసు బోర్డు ఉంటే అది చదువుతున్నట్టు నిల్చుంటాను. జూన్ నుంచి దాని మీద అదే ఫీజుల కాయితం, ఏ తారీఖు దాటితే ఎంత ఫైనో నాకు కంఠతా వచ్చేసింది. పిల్లలు గుడ్ మార్నింగ్ టీచర్ అంటే తల ఊపడమే, మాట రాదు. క్లాసులోకెళ్లాక రెండు నిమిషాలు బోర్డు తుడుస్తూ నిల్చుంటాను, తుడవడానికి ఏమీ లేకపోయినా.

రెండోది దడ. ఇది మెట్లెక్కితే వచ్చేది కాదు, చెప్పాపెట్టకుండా వస్తుంది. కూర్చుని పేపర్లు దిద్దుతుంటానా, వంగి పెన్ను తీసుకుంటే చాలు, లోపల ఒక్క కుదుపు, అంతే, ఇంక మొదలు, లెక్కపెట్టలేనంత స్పీడు. పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట పైనే. ఒళ్లంతా చెమట, కాళ్లు తేలిపోతాయి. మా చిన్నోడికి ఆరేళ్లు, నా మెడ కేసి చూసి "అమ్మా నీ మెడలో కప్ప ఎగురుతోంది" అంటాడు. నెలకి రెండు మూడు సార్లు వస్తుంది. మా తమ్ముడి వాచీ పెట్టుకుంటే ఒకసారి 176 చూపించింది, వాడు వాచీ పాడైందనుకున్నాడు.

ఇక డాక్టర్ల సంగతి. దడ మొదలయ్యాక ఆటో మాట్లాడుకుని టౌన్‌కి చేరి, ఓపీ చీటీ రాయించుకుని, నా నంబరు పిలిచేసరికి అది తగ్గిపోద్ది. నాలుగు ఈసీజీలు తీశారు, నాలుగూ నార్మల్. ఎకో, అదే గుండె స్కాను, నార్మల్. థైరాయిడ్ నార్మల్. ఒకాయన ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చాడు, అది పీల్చిన రోజుల్లో దడ ఇంకా ఎక్కువైంది, మానేశాను. ఒకాయన గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన ఈసీజీ కాయితం పక్కన పడేసి "ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా" అని అడిగి నిద్రమాత్ర రాశాడు. గొడవలు లేవండీ, అప్పటిదాకా. మా ఆయన పరవాడలో కంపెనీలో చేస్తారు, వారానికోసారి వస్తారు, మొదట్లో ఫోను చేస్తే కంగారు పడేవారు, ఇప్పుడు "మళ్లీ వచ్చిందేటి" అంటారు. ఆ "మళ్లీ" అనే మాట దగ్గర నాకు ఏడుపొస్తుంది. అత్తయ్య అరసవల్లికి మొక్కుకుంది, ఎర్రనీళ్లు దిష్టి తీసింది, పాపం ఆవిడ చెయ్యగలిగింది ఆవిడ చేస్తోంది.

నేను అడిగేది ఒకటే. ఇన్ని నార్మల్ రిపోర్టులొచ్చాక ఇది నిజంగా నా బుర్రలోదేనా? ఇలా ఎవరికైనా ఉంటే రోజులు ఎలా నెట్టుకొస్తున్నారు? ఒంటరిగా బస్సెక్కాలంటే భయమేస్తోంది.

కూల్ ఉదయ్:

మేడమ్ ఇది హండ్రెడ్ పర్సెంట్ యాంగ్జైటీ, నాకూ లాక్‌డౌన్ టైములో సేమ్ ఇలాగే వచ్చింది. రిపోర్టులన్నీ నార్మలే అంటే గుండె నార్మలే కదా, సింపుల్. 21 రోజులు పొద్దున్నే ప్రాణాయామం చెయ్యండి, టీ మానెయ్యండి, ఫోను పక్కన పెట్టండి. డాక్టర్ల చుట్టూ తిరిగితే డబ్బులు పోవడం తప్ప ఏమీ ఉండదు.

నెల్లిమర్ల సిస్టర్:

ఉదయ్ గారూ, మీకు తగ్గింది, సంతోషం. కానీ ఆవిడ చూపించిన నాలుగు ఈసీజీలూ దడ లేని టైములో తీసినవి, అవి నార్మల్ అంటే దడ లేనప్పుడు గుండె నార్మల్ అని మాత్రమే. నేను విశాఖలో గుండె వార్డులో 14 ఏళ్లు చేసి ఇప్పుడు ఊరికొచ్చేశాను, డాక్టర్ని కాదు, చూసినవి చెప్తాను.

చెల్లీ, మామూలు ఈసీజీ అంటే పది సెకన్ల బొమ్మ. ఊళ్లోకి దొంగ నెలకి రెండు రాత్రులు వస్తుంటే పోలీసు ఒక మధ్యాహ్నం వచ్చి పది సెకన్లు వీధి చూసి, ఎవరూ లేరని రాసుకుని పోయాడనుకో, అదీ నీ నాలుగు ఈసీజీల కథ. దొంగ లేడని కాదు.

నువ్వు రాసిందాంట్లో నన్ను ఆపేసింది మీ చిన్నోడి కప్ప. నవ్వకు, నిజంగా డాక్టర్ల పుస్తకాల్లోనే దీనికి కప్ప పేరుంది, ఫ్రాగ్ సైన్ అంటారు. గుండె పై గదులూ కింది గదులూ ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకోవాలి, అలా కాకుండా రెండూ ఒకేసారి ముడుచుకుంటే పై గదుల్లోని రక్తానికి కిందికి దారి ఉండదు, మెడ నరాల్లోకి ఎదురు తన్నుద్ది, అదే మెడలో ఎగురుతున్నట్టు కనిపిస్తుంది. ఎస్‌వీటీ అని గుండెలో కరెంటు గాడి తప్పి ఉన్నట్టుండి దడ పుట్టే జబ్బు ఉంది, దాంట్లో ఒక రకానికి ఇలా ఉంటుంది, ఆ రకం ఆడవాళ్లలోనే ఎక్కువ. నీకు అదే అని నేను అనట్లేదు, అనకూడదు కూడా. కానీ వంగినప్పుడు మొదలవడం, ఒక్క కుదుపుతో రావడం, 176, మెడలో కప్ప, ఇవన్నీ ఒక కాయితం మీద రాసి డాక్టర్ ముందు పెట్టాల్సిన మాటలు. మనం వెళ్లి "దడగా ఉంటుందండీ, నీరసం, నిద్ర పట్టదు" అని మొదలెడతాం, ఆయన నిద్ర దగ్గర ఆగిపోతాడు. ఇలాంటి ఆడవాళ్లకి ముందు పానిక్ అని పేరు పెట్టేసి తర్వాత ఎప్పటికో అసలు సంగతి బయటపడటం మా వార్డులో నేను చూసిందే.

ఇంకో మాట, ఎలా ఆగుద్దో గమనించు. లైటు స్విచ్ ఆపినట్టు టక్కున ఆగుద్దా, లేక ఫ్యాను ఆపితే తిరిగి తిరిగి నెమ్మదించినట్టు తగ్గుద్దా? మొదటిదైతే గుండెలో కరెంటు గోల అయ్యే అవకాశం ఎక్కువ. రెండోదైతే జ్వరం, రక్తం తక్కువ, ఒంట్లో నీళ్లు తక్కువ, భయం, థైరాయిడ్, ఇలా గుండె వేరే దేనికో జవాబిస్తూ పరిగెడుతోందని అనుమానించాలి.

ఇన్‌హేలర్ గురించి. అందులో ఉండేది సాల్బుటమాల్ అయితే అది గుండె వేగం పెంచుద్ది, చేతులు వణికిస్తుంది. అది నీ భ్రమ కాదు. కానీ మానేసిన సంగతి ఆ డాక్టర్‌కి చెప్పాలి, నిజంగా ఆస్తమా ఉందో లేదో గొట్టంలో ఊదించే పరీక్ష ఉంటుంది, అది చేయించకుండా ఉందనీ లేదనీ అనలేం. జలుబు మాత్రలు కూడా కొన్ని దడ పుట్టిస్తాయి, అవి వాడేదుంటే రాసుకో.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఇంతమంది డాక్టర్లలో ఎవరైనా నిన్ను నెలసరి గురించి అడిగారా? ఎన్ని రోజులు, ఎంత ఎక్కువ? సీబీసీ, అదే రక్తకణాల లెక్క పరీక్ష, ఎప్పుడు చేశారు, హిమోగ్లోబిన్ ఎంత? ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత అనే అంటారు. రక్తం తక్కువైతే ఉన్న కాస్త ఆక్సిజన్‌నే గుండె ఎక్కువసార్లు మోయాలి, అందుకే మెట్లెక్కితే ఆయాసం. నీ ఆయాసం, నీ దడ రెండు వేరు సంగతులు అయ్యుండొచ్చు, ఒకే పేరు కోసం వెతుకుతూ కూర్చుంటే రెండూ దొరకవు.

చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చిందా అని కూడా అడుగుతారు, మన ప్రాంతంలో దానివల్ల గుండె కవాటాలు పాడైన వాళ్లని చాలామందిని చూశాను, నీకు ఎకో బాగుంది కాబట్టి అది పక్కన పెట్టొచ్చు.

ఈసారి దడ వస్తే పెద్ద హాస్పిటల్ కోసం పరిగెత్తకు. నీకు దగ్గర్లో ఈసీజీ మిషను ఎక్కడుంటే అక్కడికి, పీహెచ్‌సీ అయినా ల్యాబ్ అయినా సరే. ముందు ఈసీజీ తీయమను, మాటలు తర్వాత. అయితే కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో బరువు లేచినా, కూర్చున్నా ఊపిరి ఆడకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఒక కాలు మాత్రమే వాచినా ఇవేవీ ఆలోచించొద్దు, వెంటనే 108. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఉంటే అది కూడా డాక్టర్‌కి తప్పకుండా చెప్పు.

ఆమదాలవలస టీచరమ్మ:

సిస్టర్ అక్కా, మీ మెసేజ్ మూడుసార్లు చదివాను. ఎవరూ అడగలేదు. ఇంట్లో గొడవల గురించి అడిగారు గానీ ఇది అడగలేదు, నేనూ మగ డాక్టర్ల దగ్గర చెప్పలేదు. ఏడెనిమిది రోజులుంటుంది, రెండో మూడో రోజుల్లో స్కూల్లో గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. అమ్మకీ ఇలాగే ఉండేది కాబట్టి మామూలే అనుకున్నా. పాత ఫైల్లో వెతికితే ఏడాదిన్నర క్రితం హిమోగ్లోబిన్ 10.4 అని ఉంది, పక్కన పెన్నుతో చిన్న టిక్కు పెట్టారు, అంతే. అమ్మ మాత్రం రోజూ చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగమంటుంది.

నెల్లిమర్ల సిస్టర్:

అంబలి తాగు, ఎవరొద్దన్నారు, మంచి తిండి. కానీ నెలనెలా అంత పోతుంటే అంబలితో పూడదు. సీబీసీతో పాటు ఫెరిటిన్ చేయించు, అది ఒంట్లో దాచుకున్న ఐరన్ లెక్క. లేడీ డాక్టర్‌కి చూపించి స్కాన్ కూడా.

బొబ్బిలి లైన్‌మేన్:

అమ్మా, నాను సెప్తంటే మా మనవడు టైపు సేస్తన్నాడు, తప్పులుంటే ఆడివి. నాకు 64. కరెంటు డిపార్ట్‌మెంట్లో లైన్‌మేన్‌గా సేసి రిటైరైనాను. నాకు ఈ దడ పదకొండేళ్లు ఉండీది, అన్నాళ్లూ ఎవులికీ దొరకలేదు.

ఒకపాలి రాజాం రోడ్డులో స్తంభం మీదుండగా వచ్చింది. కింద హెల్పరు ఫ్యూజు తీసేసే ఉన్నాడు, ఆ బయం లేదు, కానీ గుండి ఒక్కపాలి తన్నింది, ఇంక సేతుల్లో సత్తువ లేదు. నడుంకి బెల్టు ఉంది కాబట్టి బతికినాను. స్తంభాన్ని కావలించుకుని పావుగంట అలగే ఉండిపోనాను, సెమటకి ఇనుము జారిపోతంది. కిందోడు "ఏటి మావా, నిద్దరోతన్నావేటి" అంటాడు. ఆ రోజు నుంచి స్తంభం ఎక్కనంటే బద్దకమన్నారు. మందు మానీ అన్నోడొకడు. నాను మందు తాగనమ్మా.

దొరికింది ఎలగంటే, 2016లో ఒక పెళ్లిలో బోజనాల బంతిలో కూకున్నాను, అక్కడే వచ్చింది. పక్క వీధిలోనే సర్కారు ఆసుపత్రి. అక్కడ కుర్ర డాక్టరు ఒకమ్మాయి, పేరు కూడా అడగలేదు, సొక్కా ఇప్పమని ముందు ఈసీజీ తీసింది. 190. "తాతా దొరికింది" అన్నాది. ఆ పిల్లకి నాను ఇప్పటికీ పండక్కి ఫోను సేస్తాను. సిరంజి ఊదమంది, తగ్గనేదు, తర్వాత ఒక ఇంజక్షను సేసింది, అడినోసిను, సెప్పే సేసింది, తాతా అయిదారు సెకన్లు ప్రాణం పోతన్నట్టు ఉంటాది, బయపడకు అని. ఉండాది మరి. కళ్ల ముందు మా నాన్న కనపడ్డాడు. అంతలో టక్కున ఆగిపోయింది.

తర్వాత విశాఖ పంపినారు. గజ్జల దగ్గర నుంచి సన్న వైర్లు గుండిలోకి పంపి ఆళ్లే దడ తెప్పించినారు. నాకు మెలకువే. "ఇదేనా మీకు వచ్చేది" అని అడిగాడు డాక్టరు, ఇదే బాబూ ఇదే అన్నాను, పదకొండేళ్ల తర్వాత ఒకడు ఇదేనా అని అడిగినాడు, కళ్లంట నీళ్లొచ్చేసినాయి. గుండిలో కరెంటు పోయే దారి పక్కన ఇంకో దారి ఉందట, అది దీంట్లో కలిసి గిరగిరా తిరిగేస్తందట. మిగతావోళ్లకి బొమ్మలేసి సెప్పాలి గానీ నాకు ఒక్క ముక్కలో అర్థమైపోయింది, లూపయిపోయిందన్నమాట. ఆ ఒక్క సోట వేడి పెట్టి కాల్చేసినారు. నూటికి 95 మందికి పైగా ఒక్కపాలితో పోద్దన్నారు, నాకు పోయింది. మర్నాడు ఇంటికొచ్చీసినాను.

ఖర్చు సంగతి, సర్కారు వైద్యం కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ కార్డు కవుంటరు కాడ ముందే అడుగు, డాక్టర్ని అడిగితే తెలీదంటాడు.

నెల్లిమర్ల సిస్టర్:

బాబాయ్ గారు చెప్పిన సిరంజి ఊదడం గురించి చాలామంది అడుగుతారు కాబట్టి రాస్తున్నా. 10 ఎంఎల్ ఖాళీ సిరంజి మూతి నోట్లో పెట్టుకుని, లోపలి పుల్ల కొంచెం కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు రెండూ ఇంకొకరు 15 సెకన్లు ఎత్తి పట్టుకోవాలి. ఇంగ్లండులో చేసిన ఒక పరీక్ష 2015లో అచ్చయింది, ఉత్తినే ఊదితే నూటికి 17 మందికి ఆగింది, ఊది కాళ్లెత్తితే 43 మందికి. పైసా ఖర్చు లేదు. కానీ ఇది ఎస్‌వీటీ అని తేలినవాళ్లకి, డాక్టర్ చెయ్యమన్నాకే. తేలకముందు ఇంట్లో ప్రయోగాలొద్దు. మెడ నరం నొక్కడం అసలే వద్దు.

మూడు లాంతర్లు మొబైల్స్:

నాది ఇంకో రకం కథ, ఎందుకంటే నాకు ఏదీ దొరకలేదు. విజయనగరంలో చిన్న సెల్ రిపేర్ షాపు, 31 ఏళ్లు. 2021లో సెకండ్ వేవ్‌లో కోవిడ్ వచ్చి ఇంట్లోనే తగ్గింది, అప్పట్నుంచి ఇది. నిల్చుంటే దడ, మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి వెతుక్కోవాలి. కస్టమర్ ధర అడిగితే వేళ్లతో చూపించిన రోజులున్నాయి. సీబీసీ, థైరాయిడ్, ఎకో, ట్రెడ్‌మిల్, ఊపిరితిత్తుల స్కాను, రోజంతా ఒంటికి తగిలించే ఈసీజీ డబ్బా హోల్టర్ రెండుసార్లు, అన్నీ క్లీన్. పాట్స్, అంటే నిల్చుంటే గుండె వేగం పెరిగిపోయే జబ్బేమో అని పడుకోబెట్టి, తర్వాత పది నిమిషాలు నిలబెట్టి నాడి చూశారు, బీపీ పడకుండా వేగం 30 పెరిగితే అదట, నాది 22 పెరిగింది. ఆ ఎనిమిది కూడా పెరిగుంటే నా జబ్బుకో పేరుండేది అని ఇంటికొచ్చే దారంతా అనుకున్నా. పిచ్చి ఆలోచనే, కానీ పేరు లేని జబ్బుతో ఉన్నవాడికి అర్థమవుద్ది.

నాకు పనికొచ్చింది చెప్తా. ఆరుగురు డాక్టర్లలో ఒకాయన మాత్రం "నాకు తెలీట్లేదయ్యా, కానీ నీకు ఉంది" అన్నాడు. ఆయన దగ్గరే ఉండిపోయాను. మిగతా అయిదుగురూ ఏదో ఒక పేరు చెప్పారు, అయిదూ వేరువేరు. ఆయన ఆరు నెలలకోసారి చూస్తాడు, కొత్తగా ఏమైనా తోడైందా అని అడుగుతాడు, అవసరమైతేనే టెస్టు. మధ్యలో నేను నెట్ చూసి కొత్త టెస్టులు చేయించుకోవడం మానేశాను, ఆ ఒప్పందం ఆయనకీ నాకూ.

షాపులో ఎత్తు స్టూలు వేయించుకున్నా, నిల్చుని చేసే పని లేదు. పొద్దున్న పనులన్నీ ఒకేసారి పెట్టుకోను, స్నానం చేశాక పావుగంట కూర్చుంటా. బాగున్న రోజు మూడు రోజుల పని చేసేస్తే తర్వాత నాలుగు రోజులు మంచం మీదే, ఇది తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు ఇదివరకు కోట దగ్గర జనంలో తొక్కుకుంటూ ఉండేవాణ్ణి, ఇప్పుడు ఫ్రెండు వాళ్ల మేడ మీద కుర్చీలో కూర్చుని చూస్తా, సిరిమాను అక్కడ్నుంచే బాగా కనిపిస్తుంది తెలుసా. నీళ్లూ ఉప్పూ కొంచెం ఎక్కువ తీసుకోమన్నారు, దానివల్ల కొంత నయం, మీరూ ట్రై చెయ్యండి.

భయం మాత్రం జబ్బు కంటే పెద్దదైపోయిన రోజులున్నాయి, దానికి విడిగా వెళ్లి మాట్లాడాను, మాత్ర కూడా ఆరు నెలలు వాడాను. దడ పోలేదు, కానీ దడ వస్తే చచ్చిపోతాననే ఆలోచన పోయింది. అంటే యాంగ్జైటీయే కదా అంటారు. కాదండీ, ఇల్లు కారుతుంటే నిద్ర పట్టదు, నిద్రమాత్ర వేసుకుంటే నిద్ర పడుద్ది, కప్పు కారడం ఆగదు, కానీ నిద్ర కూడా కావాలి కదా.

కవిటి కొబ్బరి:

అన్నయ్యా ఉప్పు మాట దగ్గర ఆగండి. మాది ఉద్దానం. మా వైపు ఎవరికైనా నీరసం, ఆయాసం అంటే మేం ముందు చూసుకునేది కిడ్నీ. కిడ్నీ పాడైతే రక్తం తయారవ్వమని చెప్పే హార్మోను తగ్గిపోద్ది, రక్తం పడిపోద్ది, ఆయాసం వస్తుంది, మనిషికి నొప్పి ఏమీ ఉండదు, మూత్రం కూడా మామూలుగానే వస్తున్నట్టు ఉంటుంది. మా మావయ్యకి ఏడాది పాటు గుండె గుండె అని తిప్పారు, చివరికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తే 6 పైన ఉంది, చాలా ఎక్కువ. బీపీ, కిడ్నీ సంగతి తెలీకుండా ఉప్పు పెంచితే అది వేరే గొడవ. టీచర్ గారూ ఆ సీబీసీతో పాటే క్రియాటినిన్, యూరిన్‌లో ఆల్బుమిన్ కూడా చూపించెయ్యండి. కాళ్లనొప్పులకి షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలు కూడా ఊరికే మింగకండి.

మూడు లాంతర్లు మొబైల్స్:

కరెక్టే బ్రో, నాకు కిడ్నీ టెస్టు చేశాకే చెప్పారు, రాయడం మర్చిపోయా. టీచర్ గారూ డాక్టర్‌ని అడక్కుండా ఉప్పు జోలికి పోకండి.

ఆమదాలవలస టీచరమ్మ:

అయిదు వారాలయింది, ఏమైందో చెప్పకపోతే బాగోదని వచ్చాను.

హిమోగ్లోబిన్ 8.6. ఫెరిటిన్ 6. చూసిన లేడీ డాక్టర్ "ఈ రక్తంతో రెండో అంతస్తు ఎలా ఎక్కుతున్నావమ్మా" అంది, నోటీసు బోర్డు సంగతి చెప్తే నవ్వింది. స్కాన్‌లో గర్భసంచిలో గడ్డ ఉంది, చిన్నదే, రక్తం ఎక్కువ పోకుండా మందు మొదలెట్టారు. క్రియాటినిన్ 0.7, కవిటి తమ్ముడూ థాంక్స్. ఐరన్ మాత్ర మొదట్లో టీతో వేసుకున్నా, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదట, ఇప్పుడు నిమ్మరసంతో. విరేచనం నల్లగా వస్తే అత్తయ్య హడిలిపోయింది, మాత్ర వల్లే అని చెప్పాను.

ఆయాసం తగ్గుతోంది. మొన్న సోమవారం మెట్ల దగ్గర ఆగకుండా వెళ్లిపోయాను, పైకెళ్లాక గానీ ఆగలేదని గుర్తు రాలేదు.

దడ మాత్రం తగ్గలేదు. హోల్టర్ పెట్టారు, ఛాతీకి స్టిక్కర్లు, నడుంకి చిన్న డబ్బా, 24 గంటలు. ఆ రోజు నా గుండె పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఎంత బుద్ధిగా ఉందో. అది తీసేసిన మూడో రోజు మూడో పీరియడ్‌లో వచ్చింది. అక్క చెప్పినట్టు పెద్ద హాస్పిటల్‌కి పోకుండా స్కూలు పక్క సందులో ల్యాబ్‌కి పరిగెత్తాను, ఆయా తోడొచ్చింది. అక్కడ కుర్రాడు పేరు, వయసు, ఫోన్ నంబరు, ఏ డాక్టర్ రాశారు, చిల్లర లేదు ఫోన్‌పే చెయ్యండి... మెషిన్ అక్కడే ఉంది, నాకు కనిపిస్తోంది. జెల్లు రాసి ఆఖరి క్లిప్పు పెడుతుంటే ఆగిపోయింది. కాయితం మీద నార్మల్. ఆ కుర్రాణ్ణి ఏమనాలో తెలియక బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, తర్వాత ఎందుకో నవ్వొచ్చింది కూడా.

కానీ ఒకటి, ఈసారి చూసుకున్నా. టక్కున ఆగింది అక్కా. స్విచ్ ఆపినట్టే. మా ఆయన ఆ వారం ఇంట్లోనే ఉన్నారు, సాయంత్రం మళ్లీ వస్తే మెడ దగ్గర ఫోనుతో వీడియో తీశారు. రెండేళ్లలో ఆయన కళ్లారా చూడటం అదే మొదటిసారి. తీసినంతసేపూ ఏమీ మాట్లాడలేదు, తర్వాత బయటికెళ్లి చాలాసేపు అరుగు మీద కూర్చున్నారు. "మళ్లీ" అనే మాట అప్పట్నుంచి వినలేదు.

ఆ వీడియో, నేను రాసిన కాయితం చూసి కొత్త డాక్టర్ ఏడు రోజులూ గుండె కొట్టుకోవడం రికార్డు చేసే ప్యాచ్ పెడదామన్నారు, ఛాతీకి అంటించేస్తారట. సోమవారం పెడతారు. చిక్కేంటంటే అది కార్తీక సోమవారం, అత్తయ్య శ్రీముఖలింగం వెళ్లి వంశధారలో నా చేత మూడు మునకలు వేయిస్తానని మొక్కుకుంది. ప్యాచ్ పెట్టాక మునగకూడదంటున్నారు. ఆవిడకి ఎలా చెప్పాలో తెలీట్లేదు.

కూల్ ఉదయ్:

మేడమ్ ఆ రోజు తొందరపడి రాశాను, సారీ. ప్యాచ్‌లో ఏం వచ్చిందో చెప్పండి.

నెల్లిమర్ల సిస్టర్:

మునగొద్దు చెల్లీ, స్టిక్కర్ ఊడితే ఆ రోజు రికార్డు పోద్ది, నీ దొంగ కరెక్టుగా ఆ రోజే వస్తాడు. ప్యాచ్ మీద బటన్ ఉంటుంది, దడ రాగానే నొక్కి టైము రాసుకో, ఆగిన టైము కూడా. రక్తం పెరిగాక దడ కూడా కొంచెం తగ్గొచ్చు, తగ్గినా ప్యాచ్ మాత్రం మానకు.

బొబ్బిలి లైన్‌మేన్:

అత్తగారికి నా మాటగా సెప్పమ్మా. నది కాడికి ఎల్లండి, తల మీద నాలుగు సుక్కలు జల్లుకో, దీపం వొదులు. మునకలు వచ్చే కార్తీకానికి వాయిదా. వంశధార ఎక్కడికీ పోదు.

ఆమదాలవలస టీచరమ్మ:

బాబాయ్ గారూ, మీ మెసేజ్ చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎవరాయన, స్తంభం మీద ఉండిపోయినాయనేనా" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే" అంది.